ఇథియోపియాలో యూనివర్సిటీ ప్లానింగ్: సీట్లు ముందొచ్చాయి, మాస్టార్లు వెనకాల వచ్చారు

ఈ కేసు ఇథియోపియాది. 2007 చుట్టుపక్కల అక్కడి ప్రభుత్వం దాదాపు ఒకేసారి 13 కొత్త యూనివర్సిటీలు తెరిచింది, జిజిగా, సెమెరా, మిజాన్-టేపి, డెబ్రె బెర్హాన్ లాంటి ఊళ్లలో. వాటిలో ఒకదాంట్లో నేను మొదట లెక్చరర్‌గా, ఆ తర్వాత ప్లానింగ్, క్వాలిటీ అష్యూరెన్స్ పనిలో ఉన్నా. ఏ యూనివర్సిటీయో రాయట్లేదు, ఎందుకంటే ఇందులో చెప్పే తిప్పలు ఆ ఒక్కదానివే కావు, పక్కవాళ్లని అడిగినా ఇంచుమించు ఇవే చెప్తారు. మన తెలుగు లెక్చరర్లు చాలామంది అక్కడ పని చేసొచ్చారు కాబట్టి ఇది చదివేవాళ్లలో కొందరికి ఆ బ్లాక్ నంబర్లు, ఆ డార్మ్‌లు, కంటి ముందు మెదులుతాయనుకుంటా.

ముందు లెక్క చూద్దాం, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1990ల చివరి దాకా ఆ దేశంలో యూనివర్సిటీ అని చెప్పుకోదగ్గవి రెండే, 1950లో కాలేజీగా మొదలైన అడిస్ అబాబా యూనివర్సిటీ, వ్యవసాయానికి అలెమాయా (ఇప్పుడు హరమాయా అంటున్నారు). ఆ తర్వాత జిమ్మా, మెకెలే, బహిర్ దార్, అవాసా లాంటివి యూనివర్సిటీలయ్యాయి, తర్వాత ఈ 13, తర్వాత 2011 ప్రాంతంలో ఇంకో విడత, ఆపైన ఇంకో విడత, ఇప్పుడు గవర్నమెంటువే నలభై పైచిలుకు. 1990ల మధ్యలో వేలల్లో ఉన్న విద్యార్థుల సంఖ్య 2010ల చివరికి 8 లక్షలు దాటింది. అదే టైములో దేశం జీడీపీ దశాబ్దానికి పైగా ఏడాదికి దాదాపు 10 శాతం చొప్పున పెరుగుతోంది, డ్యాములు, రైలు లైన్లు, ఇండస్ట్రియల్ పార్కులు, వీటన్నిటికీ ఇంజినీర్లు కావాలి. అంటే ఎక్స్‌పాన్షన్ వెనక లాజిక్ లేదని ఎవరూ అనలేరు. దూర ప్రాంతాల పిల్లలకి, చదువు ఎప్పుడూ అందని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకి సీటు దొరికింది, ఆ మేలుని నేను తక్కువ చేసి మాట్లాడను.

నా పాయింటు వేరే చోట ఉంది. బిల్డింగ్ రెండేళ్లలో లేస్తుంది. జర్మన్ సంస్థ జీటీజెడ్ ఆ 13 క్యాంపస్‌లూ ఒకే డిజైన్ పద్ధతిలో కట్టించే పని చూసింది, స్పీడుగానే కట్టారు. సీట్ల సంఖ్య అయితే ఒక లెటర్‌తో పెరుగుతుంది. మాస్టారు మాత్రం పదేళ్లకి తయారవుతాడు. ఈ మూడిట్లో ఏది అన్నిటికంటే ఆలస్యంగా వస్తుందో దాని నుంచి ప్లాన్ మొదలవ్వాలి, అక్కడ జరిగింది దానికి రివర్స్.

పైనుంచి ఏం వచ్చేది

కొత్తగా చేరినవాళ్లకి ఇది అర్థం కావడానికి కొంచెం టైమ్ పడుతుంది. అప్పట్లో అక్కడ ఏ యూనివర్సిటీ తన పిల్లల్ని తను ఎంచుకునేది కాదు. 12వ క్లాసు పరీక్ష అయ్యాక పిల్లలు ఛాయిస్‌లు పెట్టుకుంటారు, ఎవరు ఎక్కడికో మినిస్ట్రీయే అలాట్ చేస్తుంది, లిస్టు వస్తుంది, బస్సుల్లో పిల్లలు వస్తారు. వాళ్లందరికీ క్యాంపస్‌లోనే మంచం, మూడు పూటలా తిండి. కాబట్టి ప్లాన్ రాసేవాడికి ఇన్‌టేక్ (ఏడాదికి చేరేవాళ్ల సంఖ్య) అనేది తన చేతిలో ఉన్న వేరియబుల్ కాదు, బయటి నుంచి వచ్చి పడే అంకె.

రెండోది 70:30. 2008లో వచ్చిన పాలసీ, చేరేవాళ్లలో 70 శాతం సైన్స్, టెక్నాలజీ వైపు, 30 శాతం సోషల్ సైన్స్, హ్యుమానిటీస్ వైపు. దేశం మొత్తానికి ఒక నిష్పత్తి పెట్టుకోవడం తప్పు కాదు, కానీ అదే నిష్పత్తిని యాభై ఏళ్ల అడిస్ అబాబాకీ, నిన్న గేటు పెట్టిన మాకూ ఒకేలా వేస్తే ఎలా? సోషియాలజీ క్లాసు ఒక గది, ఒక మంచి మాస్టారు, కాసిని పుస్తకాలతో నెట్టుకురావచ్చు. హైడ్రాలిక్స్ కోర్సుకి ల్యాబ్ కావాలి, ల్యాబ్‌కి కరెంటు, నీళ్లు, టెక్నీషియన్, విడి భాగాలు, విడి భాగాలకి డాలర్లు కావాలి. సామాను పెట్టెల్లో వచ్చి పెట్టెల్లోనే ఉండిపోయిన ల్యాబ్‌లు ఆ తరం యూనివర్సిటీల్లో మామూలే. మిషన్ ఉంది, దాన్ని ఆన్ చేయడం వచ్చినవాడు లేడు.

మూడోది సిలబస్. 1994 ఎడ్యుకేషన్ పాలసీ కింద పాత ఫ్రెష్‌మన్ ఇయర్‌ని (యూనివర్సిటీలో పునాది పాఠాలు చెప్పే మొదటి ఏడాది) తీసేసి దాన్ని 11, 12 క్లాసుల్లోకి నెట్టారు, డిగ్రీని మూడేళ్లకి కుదించారు (ఇంజినీరింగ్ లాంటివి ఎక్కువ ఏళ్లే). కాగితం మీద ఒక ఏడాది ఆదా. కానీ హైస్కూల్లో ఆ స్థాయి చెప్పగల మాస్టార్లు లేని చోట ఆ ఏడాది ఎటూ పోలేదు, పిల్లల బుర్రలో గ్యాప్‌గా మా దగ్గరికే వచ్చింది. పైగా యూనివర్సిటీలో అంతా ఇంగ్లీషు మీడియమే. ఇంట్లో ఒరోమో, సోమాలీ, అమ్హారిక్, ఇంకా ఎన్నో భాషలు మాట్లాడే పిల్లలు. ఫస్టియర్ క్లాసులో బోర్డు మీద రాసింది కాపీ చేసుకుంటారు చక్కగా, అడిగితే మాత్రం నిశ్శబ్దం.

ఒక చిన్న విషయం, ప్లానింగ్ ఆఫీసులో పని చేసే ఎవరికైనా ఉపయోగపడుతుంది. ఇథియోపియా క్యాలెండర్ మనదానికంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది, నెలలు పదమూడు, బడ్జెట్ సంవత్సరం జులై 8న మొదలవుతుంది. వాళ్ల గ్రోత్ అండ్ ట్రాన్స్‌ఫర్మేషన్ ప్లాన్ (దేశం మొత్తానికి ఐదేళ్ల ప్లాన్) మొదటిది 2003 నుంచి 2007 అని రాసుంటే అది మనకి 2010-11 నుంచి 2014-15 అన్నమాట. ఒక షీటులో డోనర్ల డేటా మన సంవత్సరంలో, ఇంకో షీటులో డిపార్ట్‌మెంట్ డేటా వాళ్ల సంవత్సరంలో ఉంటే గ్రాఫ్ అందంగా, తప్పుగా వస్తుంది. రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టుకోవాల్సిందే.

మాస్టార్ల లెక్క

ఇదే అసలు కేసు, ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్తా. ఒక ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్ ఊహించుకోండి (ఈ అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవి, ఏ రికార్డులోవీ కావు). ఏడాదికి 60 మంది చేరతారు, ఐదేళ్ల కోర్సు, నిండాక 300 మంది. ఒక మాస్టారికి 20 మంది అనుకుంటే 15 మంది స్టాఫ్ కావాలి, పేరోల్ చూస్తే 15 మంది ఉన్నారు, రిపోర్టులో రేషియో పచ్చగా కనపడుతుంది, మీటింగ్ అయిపోతుంది. ఇప్పుడు క్లాసుల దగ్గరికి వెళ్దాం. ఆ 15లో ఐదుగురు మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో స్టడీ లీవులో ఉన్నారు. మిగిలిన పదిలో ఆరుగురు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు, అంటే కిందటేడాదో అంతకుముందో బీఎస్సీ పాసైన పిల్లలు, రూలు ప్రకారం ట్యుటోరియల్, ల్యాబ్ వరకే, కానీ గతి లేక కోర్సులే చెప్తున్నారు. మిగిలింది నలుగురు. ఆ నలుగురిలో ఒకరు నాలాంటి ఎక్స్‌పాట్రియేట్, అంటే బయటి దేశం నుంచి వచ్చినవాడు, ఏడాది కాంట్రాక్టు మీద, జీతం డాలర్లలో, వచ్చే ఏడాది ఉంటాడో లేడో. అంటే 300 మంది డిగ్రీ బరువు నిజానికి మోస్తున్నది ముగ్గురు.

ఇప్పుడు వచ్చే ఏడాది ఇన్‌టేక్ 60 కాదు 120 అని లెటర్ వస్తుంది.

దీనికి సమాధానంగా "రిక్రూట్ చేసుకోండి" అంటారు, కానీ ఎవర్ని? బీఎస్సీ టాపర్‌ని గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా తీసుకుంటాం. రెండేళ్లు పని చేస్తాడు. మాస్టర్స్‌కి వెళ్తాడు, రెండేళ్లు. వచ్చి ఇంకో రెండేళ్లు చెప్తాడు. పీహెచ్‌డీకి వెళ్తాడు, నాలుగేళ్లు అనుకుందాం, నిజానికి ఇంకా ఎక్కువే. మొత్తం పదేళ్లు. మనం రాస్తున్నది ఐదేళ్ల ప్లాను. అంటే ఈ ప్లాన్‌లో మొదటి రోజు తీసుకున్న కుర్రాడు ఈ ప్లాన్ మొత్తంలో ఎప్పుడూ పూర్తి స్థాయి మాస్టారు కాడు, వచ్చే ప్లాన్ చివర్లో అవుతాడు, అదీ మధ్యలో ఏ ఎన్జీవోనో, ఏ కన్‌స్ట్రక్షన్ కంపెనీయో, ఏ విదేశమో ఎత్తుకుపోకుండా ఉంటే. బాండ్ రాయించుకుంటాం, బాండ్ కట్టేసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఇంకో చిక్కు, కొత్త యూనివర్సిటీలన్నీ తమవాళ్లని మాస్టర్స్‌కి పంపేది ఆ నాలుగైదు పాత వాటికే, అక్కడి సీనియర్ల మీద వాళ్ల సొంత ఎక్స్‌పాన్షన్ భారం ఇప్పటికే ఉంది, కాబట్టి మా కుర్రాళ్లకి గైడ్ దొరకడమే ఒక క్యూ.

మేం చేసింది, దాని ఫలితం

మొట్టమొదట పేరోల్ లెక్కని పక్కన పెట్టి, ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ ప్రతి సెమిస్టర్‌కీ క్లాసులో నిలబడేవాళ్ల లెక్క అని వేరే షీటు తయారు చేశాం. లీవులో ఉన్నవాళ్లు సున్నా, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ సగం, ఎక్స్‌పాట్రియేట్ ఆ కాంట్రాక్టు ఉన్నంతవరకే. దీన్ని పదేళ్ల దాకా లాగాం, ప్లాను ఐదేళ్లదే అయినా సరే. చాలా సింపుల్ షీటు, కన్సల్టెంట్లు తెచ్చే మోడల్ ముందు పిల్లాడి హోంవర్క్‌లా ఉంటుంది. కానీ డీన్‌లు మొదటిసారి నోరు తెరిచి చూసింది దాన్నే, ఎందుకంటే ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు చెప్పేవాడు ఉండడో అందులో పేరుతో సహా కనపడింది.

దాన్నిబట్టి రెండు డిపార్ట్‌మెంట్లు తెరవడం వాయిదా వేయాలన్నాం, కనీసం ముగ్గురు మాస్టర్స్ వాళ్లు చేతిలోకి వచ్చేదాకా. వాయిదాకి పైవాళ్లు ఒప్పుకున్నారు, కానీ ఇన్‌టేక్ అంకె మాత్రం కదల్లేదు. ఇంకేముంది, ఆ రెండిటికీ రావాల్సిన పిల్లలు మిగతా డిపార్ట్‌మెంట్లలోకి వచ్చి పడ్డారు, సివిల్ క్లాసులు సెక్షన్లుగా విరిగాయి, సెక్షన్ సెక్షన్‌కీ మాస్టారు కావాలి, మళ్లీ మొదటికొచ్చింది కథ. మొత్తం ఇన్‌టేక్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు బల్ల దగ్గర లేనప్పుడు డిపార్ట్‌మెంట్ల జాబితా మార్చడం అంటే నీళ్లని ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి పోయడమే. దేశ స్థాయిలో ఎవరైనా ఈ పని చేస్తుంటే సీట్ల అంకె, స్టడీ లీవు అంకె ఒకే టేబుల్ మీద, ఒకే సంతకంతో వెళ్లాలి అని నేను గట్టిగా చెప్తా.

స్టడీ లీవు క్యూ మాత్రం పని చేసింది. అంతకుముందు ఎవరికి అడ్మిషన్ దొరికితే వాళ్లు, డీన్‌కి దగ్గరైతే వాళ్లు వెళ్లేవాళ్లు, ఒక్కో సెమిస్టర్‌లో డిపార్ట్‌మెంట్ సగం ఖాళీ. ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ మంది వెళ్లకూడదు, ఎవరి తర్వాత ఎవరో రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి అన్నాం. గొడవలు బాగానే అయ్యాయి, అందులో జాతి కోణం కూడా వచ్చింది, ఏ ప్రాంతం వాళ్లని ముందు పంపుతున్నారు అని, ఆ దేశ రాజకీయం తెలిసినవాళ్లకి ఆశ్చర్యం ఉండదు. అయినా బోర్డు మీద లిస్టు ఉండటం వల్ల కనీసం గొడవ ఎక్కడ పెట్టాలో అందరికీ తెలిసింది, చెవులు కొరుక్కోవడం తగ్గింది.

ఇంకోటి అనుకోకుండా కలిసొచ్చింది. 2012-13 ప్రాంతంలో మాడ్యులర్ కరిక్యులమ్ వచ్చింది, కోర్సుల్ని బ్లాకులుగా, కొన్ని వారాల్లో ఒకదాన్ని గట్టిగా చెప్పి ముగించే పద్ధతి. దాన్ని చాలామంది తిట్టారు, మ్యాథ్స్ లాంటి సబ్జెక్టు మూడు నాలుగు వారాల్లో కుక్కితే పిల్లలకి అరగదు, ఆ విమర్శ నిజమే. కానీ మాకు దాంట్లో ఒక సందు దొరికింది, పాత యూనివర్సిటీ నుంచి సీనియర్‌ని సెమిస్టర్ మొత్తానికి ఎవరూ వదలరు, మూడు వారాలకైతే వదులుతారు. బ్లాక్ టైములో వాళ్లని పిలిపించుకుని, మా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌ని పక్కన కూర్చోబెట్టి, వచ్చే ఏడాది అదే కోర్సు వాడిచేత చెప్పించేవాళ్లం. అక్కడ యూనివర్సిటీ స్టాఫ్‌కి పాఠం చెప్పే పద్ధతి మీద హయ్యర్ డిప్లొమా ప్రోగ్రామ్ అని ఒకటుంది, మంచిదే, కానీ ఒక మంచి సీనియర్ క్లాసు వెనక మూడు వారాలు కూర్చుంటే వచ్చేది దాంట్లో రాదు. ఖర్చు అంటారా, రాను పోను, గెస్ట్ హౌస్, అలవెన్సు. ఒక ఎక్స్‌పాట్రియేట్ ఏడాది జీతంలో ఇలాంటి విజిట్‌లు చాలా వస్తాయి, ఎక్స్‌పాట్రియేట్‌గా జీతం తీసుకున్నవాణ్ణి నేనే చెప్తున్నా.

డబ్బు గురించి

క్లుప్తంగా. కొత్త యూనివర్సిటీ రికరెంట్ బడ్జెట్‌లో (ఏటా నడిచే ఖర్చులు) తిండి, డార్మ్ పెద్ద ముద్ద. ఒక్కో విద్యార్థి తిండికి రోజుకి 15 బిర్ (అక్కడి కరెన్సీ) అనే రేటు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది, ధరలు పెరుగుతూనే ఉన్నాయి, 2022 ప్రాంతంలో 22 చేశారు. ఆ తేడా ఎక్కడినుంచో పూడ్చాలి, పుస్తకాలు, ల్యాబ్ కెమికల్స్, ఫీల్డ్ ట్రిప్‌లు అలా కరిగిపోతాయి. 2003లో తెచ్చిన కాస్ట్ షేరింగ్ ఆలోచనగా నాకు నచ్చింది, ఆస్ట్రేలియా పద్ధతిలో, చదువుకునేటప్పుడు కట్టక్కర్లేదు, తిండి, వసతి ఖర్చు పూర్తిగా, ట్యూషన్‌లో కనీసం 15 శాతం, ఉద్యోగం వచ్చాక జీతంలోంచి కట్టాలి. కాకపోతే జీతాల ట్యాక్స్ వ్యవస్థ బలంగా ఉన్న దేశంలో పని చేసే మిషన్ అది, సొంతంగా చిన్న పని చేసుకునేవాడి దగ్గర, ఉద్యోగమే రానివాడి దగ్గర ఎలా వసూలు చేస్తారు? ప్లానులో ఆ డబ్బుని ఆదాయం కింద చూపించొద్దని నేను ఎప్పుడూ అనేవాణ్ణి. ఇక బడ్జెట్ ఏడాది చివర మిగిలిన డబ్బు వెనక్కి పోతుంది కాబట్టి జూన్‌లో ఏది దొరికితే అది కొనే హడావిడి, ఇది మన గవర్నమెంటు ఆఫీసుల్లో మార్చి నెల చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

కొలవడం చివర్లో వచ్చింది

2003 చట్టంతో హెర్కా అని క్వాలిటీ ఏజెన్సీ వచ్చింది. దాని అక్రెడిటేషన్ (గుర్తింపు) ప్రైవేటు కాలేజీలకి తప్పనిసరిగా ఉండేది, గవర్నమెంటు యూనివర్సిటీలకి మాత్రం ఆడిట్ రిపోర్టే, పెద్దగా పర్యవసానం ఉండేది కాదు. ఎక్కువమంది చదివేది ఎక్కడో అక్కడ పళ్లు లేని కొలత అన్నమాట. మనకి ఉమ్మడి ఏపీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రోజుల్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడొందల దాకా వెళ్లాయి గుర్తుందా, అక్కడా క్వాలిటీ పోయింది కానీ ఒక సిగ్నల్ అయితే వచ్చింది, సీట్లు మిగిలిపోయాయి, కాలేజీలు మూతపడ్డాయి. ఇథియోపియాలో ఆ సిగ్నల్ కూడా ఉండేది కాదు. మినిస్ట్రీ అలాట్ చేసేది కాబట్టి ఎంత బాగోలేని డిపార్ట్‌మెంట్ అయినా నిండే ఉండేది. డిగ్రీ అయిన పిల్లలు మునిసిపాలిటీల కాబుల్‌స్టోన్ (రాళ్లు పరిచే) రోడ్ల పనికి వెళ్తున్నారని వార్తలు వచ్చాయి, 2016లో తెరిచిన అవాసా ఇండస్ట్రియల్ పార్కుకి ఎక్కువగా కావాల్సింది కుట్టు మిషన్ మీద కూర్చునేవాళ్లు, ఇవేవీ ఇన్‌టేక్ లెటర్‌లోకి తిరిగి రాలేదు.

లా వాళ్లకి మాత్రం 2010ల మొదటి నుంచే దేశమంతటికీ ఒకే ఎగ్జిట్ ఎగ్జామ్ (డిగ్రీ చివర్లో రాసే పరీక్ష) ఉంది. దాన్ని చూసైనా అన్ని సబ్జెక్టులకీ అప్పుడే, పాస్ ఫెయిల్ లేకుండా, కేవలం ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోడానికి పెట్టి ఉంటే పదేళ్ల డేటా చేతికొచ్చేది. అన్ని డిగ్రీలకీ పెట్టింది 2023 జులైలో, అది కూడా పాసైతేనే డిగ్రీ అని. రాసినవాళ్లలో 40 శాతం చిల్లర పాసయ్యారు, గవర్నమెంటు యూనివర్సిటీల్లో 62 శాతం ప్రాంతం, ప్రైవేటులో 17 శాతం. నాలుగేళ్లు ఖర్చు పెట్టించాక చివరి రోజున చెప్పడం అది, మొదటి బ్యాచ్ పిల్లల మీద అన్యాయమనే నేననుకుంటా.

మధ్యలో మంచి పనులూ జరిగాయి. 2018లో వచ్చిన ఎడ్యుకేషన్ రోడ్‌మ్యాప్ తర్వాత ఫ్రెష్‌మన్ ఇయర్ తిరిగి తెచ్చి డిగ్రీ నాలుగేళ్లు చేశారు. యూనివర్సిటీలన్నిటినీ ఒకే అచ్చులో పోయడం మానేసి రీసెర్చ్, అప్లైడ్, కాంప్రహెన్సివ్ అని విడగొట్టారు. 2023లో అడిస్ అబాబాని మొదటి అటానమస్ యూనివర్సిటీ చేశారు, అంటే ఎవరిని చేర్చుకోవాలో అది తేల్చుకోవచ్చు. ఆ దారి మిగతావాటికి ఎప్పుడు తెరుస్తారన్నది చూడాలి, అంతదాకా 70:30 తీసేసినా పెట్టినా మా షీటులో పెద్ద తేడా రాదు. పక్కనే సైన్స్ అండ్ హయ్యర్ ఎడ్యుకేషన్ మినిస్ట్రీ అని 2018లో విడిగా పెట్టి 2021లో మళ్లీ ఎడ్యుకేషన్ మినిస్ట్రీలో కలిపేశారు, ఆ మూడేళ్లలో ఫార్మాట్లు మారినన్ని సార్లు ఇంకేదీ మారలేదు.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది, అందుకే ఈ కేసు ఇప్పుడు రాస్తున్నా. 2022లో 12వ క్లాసు పరీక్షని కాపీయింగ్ ఆపడానికి పిల్లల్ని యూనివర్సిటీ క్యాంపస్‌లకి తెచ్చి రాయించారు, సగం మార్కులు దాటినవాళ్లు 3.3 శాతం, సుమారు 30 వేల మంది. తర్వాతి ఏడాదీ ఇంచుమించు అంతే. మిగతావాళ్లలో కొందరిని రెమెడియల్ (వెనకబడినవాళ్లకి ముందు విడిగా పాఠాలు) కింద తీసుకుంటున్నారు కానీ ఇన్‌టేక్ పాత స్థాయిలో లేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి కొత్త యూనివర్సిటీల్లో క్లాసుల కంటే మాస్టార్లు ఎక్కువగా కనపడే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, వెంటనే వినపడే మాట "స్టాఫ్ ఎక్కువయ్యారు, తగ్గిద్దాం, డిపార్ట్‌మెంట్లు మూసేద్దాం". కొన్ని మూయాల్సిందే, కాదనను. కానీ పదేళ్ల షీటు తీసి చూస్తే క్లాసులో పిల్లలు తక్కువున్న ఈ నాలుగైదేళ్లే ఆ మూడో వంతు పరిమితిని సగానికి పెంచి స్టడీ లీవు క్యూని ఖాళీ చేసుకోవాల్సిన టైము. 2024 జులైలో బిర్‌ని మార్కెట్‌కి వదిలాక డాలరు రేటు 57 నుంచి వంద దాటింది కాబట్టి ఎక్స్‌పాట్రియేట్‌ని పిలవడం కానీ, పీహెచ్‌డీకి బయటి దేశం పంపడం కానీ ఇక అంత తేలిక కాదు, గైడ్‌లు దేశంలోనే దొరకాలి. నన్నడిగితే ముందు మూసే డిపార్ట్‌మెంట్లలోని మాస్టర్స్ వాళ్లందరి పేర్లూ ఒక జాబితా చేసి, ఎనిమిది రీసెర్చ్ యూనివర్సిటీల్లో ఎవరి కింద ఎంతమందికి పీహెచ్‌డీ గైడెన్స్ ఖాళీ ఉందో పక్కన రాసి, రెండూ కలిపి మినిస్ట్రీకి పంపుతా, వచ్చే ఏడాది ఇన్‌టేక్ అంకె అడిగే అదే ఫైల్లో.